కొత్త గేమ్ కన్సోల్ కొన్నోళ్ల మాటలు: ఏది మెషిన్ గురించి, ఏది వాళ్లింటి టీవీ గురించి

కొత్త కన్సోల్ ఏదైనా మార్కెట్లోకి దిగితే మొదటి వారం రెండు రకాల మాటలే వినపడతాయి. ఒకడేమో అబ్బ ఏం ఉంది భయ్యా అంటాడు, ఇంకోడు దీనికి ఇంత పోయడం శుద్ధ దండగ అంటాడు. ఇద్దరూ కొన్నది ఒకటే మెషిన్, లోపల చిప్పు ఒకటే, అట్టపెట్టె ఒకటే, మరి మాట ఎందుకు కలవట్లేదు అంటే ఎవడి టేస్ట్ వాడిది అని వదిలేస్తారు చాలామంది. టేస్ట్ కొంత ఉంటుంది, కాదనను. కానీ సగం పైన గొడవ ఎక్కడినుంచి వస్తుందంటే వాళ్లు కన్సోల్ గురించి చెప్తున్నామనుకుంటూ వాళ్లింటి టీవీ గురించో, నెట్ గురించో, పెట్టిన డబ్బు గురించో, అంతకుముందు ఆడిన పాత మెషిన్ గురించో చెప్తుంటారు. వినేవాడికి అదంతా కలిపి ఒకే రేటింగ్ కింద పడుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం లాంటి ఊళ్లలో ఉన్నోళ్లకి ఇది విడదీసుకోవడం ఇంకాస్త అవసరం. ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల ఫోన్ షాపులు ఎన్నైనా ఉన్నాయి గానీ కొత్త కన్సోల్ డెమోకి పెట్టి ఆడి చూడు బాబూ అన్న షాపు నాకైతే కనపడలేదు, ఏదైనా తేడా వస్తే వైజాగ్ బస్సెక్కాలి. జపాన్ కంపెనీ నింటెండో వాళ్లకైతే మన దేశంలో అఫీషియల్ అమ్మకమే లేదు, ఎవరో అమెరికా నుంచో దుబాయ్ నుంచో తెచ్చిందే. అంటే చేత్తో పట్టుకుని చూడకుండా, కొన్నోళ్ల మాట విని నలభై యాభై వేలు పెట్టాలి. 2025 జూన్ 5న నింటెండో వాళ్ల స్విచ్ 2, అంటే చేతిలో పట్టుకునీ ఆడొచ్చు, టీవీకి పెట్టీ ఆడొచ్చు, అది రిలీజైనప్పుడు ఇక్కడ నాకు తెలిసినోళ్లందరూ అదే చేశారు, అందుకే ఉదాహరణలు ఎక్కువ దానివే చెప్తాను, విషయం మాత్రం ఏ కన్సోల్‌కైనా వర్తిస్తుంది.

ముందు టీవీ సంగతి, ఎందుకంటే ఎక్కువ తప్పుడు మాటలు ఇక్కడే పుడతాయి.

విజయనగరంలో మా బావ వాళ్లింట్లో జరిగింది చెప్తా. అమెరికా నుంచి వచ్చిన చుట్టం చేత స్విచ్ 2 తెప్పించుకున్నాడు, హాల్లో 55 అంగుళాల 4కె టీవీకి పెట్టాడు. ఏటి బావా ఎలా ఉంది అంటే "బొమ్మ బాగుంది గానీ కంట్రోలర్ మొద్దురా, నొక్కిన కాసేపటికి గానీ కదలదు, పాత దాన్లో ఈ గోల లేదు" అన్నాడు. పాతది ఏ టీవీకి పెట్టేవాడివి అని అడిగితే బెడ్రూంలో ఉన్న 32 అంగుళాల చిన్న టీవీకి. అక్కడికి విషయం తెలిసిపోయింది. కొత్త పెద్ద టీవీలు సినిమాలు నున్నగా కనపడాలని రెండు ఫ్రేముల మధ్య తమంతట తామే ఇంకో ఫ్రేము తయారుచేసి పెడతాయి, ఆ పని చెయ్యడానికి వచ్చిన బొమ్మని కాసేపు ఆపుకోవాలి, ఆ ఆపడమే మనకి లేటుగా తెలుస్తుంది. సెకనుకి 60 ఫ్రేముల గేమ్‌లో ఒక్కో ఫ్రేముకి సుమారు 17 మిల్లీసెకన్లు, టీవీ 100 మిల్లీసెకన్లు ఆలస్యం చేసిందంటే ఆరు ఫ్రేములు వెనకపడ్డట్టే, కారు మలుపు తిరగాల్సిన చోట గోడకి గుద్దుకుంటుంది. రిమోట్ తీసుకుని పిక్చర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి గేమ్ మోడ్ ఆన్ చేశాం, మా మేనల్లుడు గుంటడు ఒక రేసు ఆడి "ఇప్పుడు వస్తంది మావయ్యా" అన్నాడు, అంతే. మా బావ అప్పటికే నలుగురికి ఫోన్లు చేసి కంట్రోలర్ బాలేదని చెప్పేశాడు, ఆ నలుగురూ ఇంకెంతమందికి చెప్పారో.

కాబట్టి ఎవరైనా "లేటవుతోంది" అన్నా, "బొమ్మ అలికేసినట్టుంది" అన్నా, మొదట అడగాల్సింది ఏ టీవీ, గేమ్ మోడ్ ఉందా అని. స్విచ్ 2 డాక్‌లో, అంటే టీవీకి కలిపే స్టాండులో పెట్టినప్పుడు 4కె లో (బాగా స్పష్టమైన బొమ్మ, 1440పి, 1080పి దానికంటే తక్కువ) సెకనుకి 60 ఫ్రేముల దాకా, 1440పి గానీ 1080పి గానీ పెట్టుకుంటే 120 దాకా ఇవ్వగలదు, కానీ 1080పి టీవీ ఉన్నోడికి 4కె తేడా ఏం కనపడుతుంది? వాడు పాతదానికీ దీనికీ పెద్ద తేడా లేదంటే వాడింట్లో అది నిజమే. ఇంకో చిక్కు, వీఆర్ఆర్ అని ఒకటుంది, కన్సోల్ ఫ్రేములు ఇచ్చే స్పీడుకి తగ్గట్టు స్క్రీన్ తన స్పీడు మార్చుకునే పద్ధతి, అది స్విచ్ 2లో చేతిలో పట్టుకుని ఆడినప్పుడే పనిచేస్తుంది, టీవీకి పెడితే లేదు. మొదట్లో నింటెండో సైట్లోనే టీవీకి కూడా ఉన్నట్టు పడి తర్వాత సరిచేశారు. అందుకే ఒకే గేమ్ గురించి చేతిలో ఆడినోడు నున్నగా ఉందనీ, టీవీలో ఆడినోడు అక్కడక్కడా ఆగుతోందనీ అంటే ఇద్దరిలో ఎవడూ అబద్ధం చెప్పట్లేదు.

రెండోది, మనిషి ఎక్కడినుంచి వచ్చాడు. స్విచ్ 2 స్క్రీన్ 7.9 అంగుళాల ఎల్‌సీడీ, 1080పి, 120 హెర్ట్జ్, అంటే సెకనుకి 120 సార్లు బొమ్మ మార్చగలదు. 2017 నాటి మొదటి స్విచ్ నుంచి వచ్చినోడికి, అంటే 6.2 అంగుళాల 720పి స్క్రీన్ చూసి చూసి ఉన్నోడికి, ఇది పండగే. అదే 2021లో వచ్చిన ఓఎల్ఈడీ మోడల్, అంటే ఒక్కో చుక్కా తనంతట తానే వెలిగే స్క్రీన్ ఉన్న స్విచ్ వాడినోడైతే నలుపు నల్లగా లేదు, బొమ్మ వేగంగా కదిలితే చెదిరిపోతోంది అంటాడు, అదీ నిజమే, ఓఎల్ఈడీ ముందు ఎల్‌సీడీ కొంచెం తేలిపోతుంది, పైగా ఈ ఎల్‌సీడీ పిక్సెళ్లు మారడంలో నెమ్మది అని కొలిచి చూసినోళ్లు కూడా చెప్పారు. బరువూ అంతే, జాయ్‌కాన్లతో (రెండు పక్కలా తగిలించే చిన్న కంట్రోలర్లు) కలిపి 534 గ్రాములు, పాతది 400 లోపే. సోనీ వాళ్ల పీఎస్5 మీద ఆడేవాడికి ఇదంతా పట్టదు, వాడు నేరుగా బొమ్మల్ని పక్కపక్కన పెట్టి పోల్చేస్తాడు. ఇరవై వాట్ల దగ్గర్లో నడిచే డబ్బాని, ఆడేటప్పుడు 200 వాట్ల దాకా తాగే డబ్బాతో పోలిస్తే ఏమొస్తుంది చెప్పండి.

మూడోది నాకు ఎప్పుడూ నవ్వు తెప్పించే సంగతి. మొదటి వారంలో కొన్నోళ్లంటే ఎవరు? ప్రీ ఆర్డర్ పెట్టుకుని, రాత్రి పన్నెండింటికి లైన్లో నిలబడి, నింటెండో అంటే ప్రాణం పెట్టేవాళ్లు. వాళ్లని ఎలా ఉంది అని అడగడం పెళ్లికొడుకు మేనమామని పెళ్లిభోజనం ఎలా ఉందని అడిగినట్టే. డబ్బు ఎక్కువ పెట్టినోడికి బాలేదని ఒప్పుకోవడం కూడా కష్టమే, రిలీజప్పుడు అమెరికాలో 449.99 డాలర్లకి, అంటే డాలర్ 86 రూపాయలున్నప్పుడు 39 వేల లోపు పడే వస్తువుని ఇక్కడ బ్లాకులో ఇంకో పది పదిహేను వేలు ఎక్కువ పెట్టి కొన్నోడు ఇంట్లో నాన్న ముందు బాలేదు అనగలడా? అలాగే డబ్బా తెరిచిన రోజే పాడైనోడు ఊరంతా చాటింపు వేస్తాడు, బానే పనిచేసినోడు నోరెత్తడు, ఆడుకుంటూ ఉంటాడు. నింటెండో చెప్పిన లెక్క ప్రకారం మొదటి నాలుగు రోజుల్లోనే ప్రపంచమంతా కలిపి 35 లక్షల పైన అమ్ముడయ్యాయి. వందకి ఒక్కటి, కేవలం ఒక్కటి, తేడా వచ్చిందనుకుందాం, అప్పుడు 35 వేల మంది ఏడుస్తూ వీడియోలు పెట్టొచ్చు. ఆ వీడియోల్లో వంద మనం చూస్తే చాలు, అన్నీ పాడైపోతున్నాయి అని ఫిక్సయిపోతాం. దానికి తోడు కావాలని చేసే మోసాలు. 2020 నవంబర్లో మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ వచ్చినప్పుడు మెషిన్లోంచి పొగ వస్తున్నట్టు వీడియోలు తిరిగాయి, చివరికి చూస్తే కింద నుంచి వేప్ పొగ ఊదితే ఫ్యాను పైనుంచి బయటికి పంపుతోంది, బాబూ కన్సోల్లోకి పొగ ఊదకండి అని కంపెనీ వాళ్లే చెప్పుకోవాల్సి వచ్చింది.

సరే, మరి మొదటి వారం మాటల్లో పనికొచ్చేది ఏదీ లేదా అంటే ఉంది, బోలెడు ఉంది. సైజు, బరువు, చేతికి ఎలా పట్టుకుంటోంది, ఫ్యాను చప్పుడు, సెటప్ ఎంత తలనొప్పి, పాత గేములు నడుస్తున్నాయా లేదా, ఇవి కొన్న రోజే తెలిసిపోతాయి, వీటి విషయంలో కొన్నోడి మాట కంపెనీ ప్రకటన కంటే నయం. స్విచ్ 2 విషయంలో రిలీజుకి ముందు రివ్యూలు దాదాపు రాలేదు, తెరవగానే ఒక అప్‌డేట్ ఎక్కించుకుంటే తప్ప పాత స్విచ్ గేములు కూడా నడవవు, కాబట్టి కొన్నోళ్ల మాటలే మొదటి నిజమైన సమాచారం. స్క్రీన్ మీద ఫ్యాక్టరీ నుంచి వచ్చే పల్చటి ఫిల్ము ఉంటుంది, ప్లాస్టిక్ కవరనుకుని పీకేవాళ్లు ఉంటారు, అది పగిలితే గాజుముక్కలు చెదరకుండా పెట్టింది, పీకొద్దని వాళ్ల కాగితంలోనే ఉంది, ఎవరు చదువుతారండీ ఆ కాగితం. అలాగే పాత మెమరీ కార్డు దీన్లో పెడితే గేములు ఎక్కవు, మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అని కొత్త రకం కార్డే కావాలి, పాత కార్డులోంచి ఫొటోలూ వీడియోలూ మాత్రం తెచ్చుకోవచ్చు. ఇలాంటివి ముందు కొన్నోళ్లు దెబ్బ తిని చెప్తే వెనక కొనేవాళ్లకి డబ్బులు మిగుల్తాయి.

మొదటి వారంలో ఎవడికీ తెలియనిది ఒకటుంది, ఎన్నాళ్లు మన్నుతుంది అన్నది. ఎక్స్‌బాక్స్ 360 2005 నవంబర్లో వచ్చింది, మొదటి రోజుల్లో ఆడినోళ్లు బొమ్మలు చూసి మురిసిపోయారు, తర్వాత ముందువైపు మూడు ఎర్ర లైట్లు వెలిగి చచ్చిపోవడం మొదలైంది, ఎంతలా అంటే 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ ఆ సమస్యకి వారంటీ మూడేళ్లకి పెంచి, అందుకు 100 కోట్ల డాలర్ల పైన ఖర్చు రాసుకుంది. మొదటి స్విచ్ జాయ్‌కాన్ల మీద బొటనవేలితో తిప్పే స్టిక్కులదీ అదే కథ, కొన్న రోజు బానే ఉంటాయి, నెలలు గడిచాక ముట్టుకోకపోయినా బొమ్మ దానంతట అది ఒక పక్కకి నడిచిపోతుంది, 2020లో నింటెండో ప్రెసిడెంట్ ఫురుకావా దీనికి క్షమాపణ చెప్పాడు. కాబట్టి "నెల వాడాను, స్టిక్ సూపర్" అన్న మాటకి విలువ లేదు. మరి దేనికి విలువ ఉంది? లోపల ఏం పెట్టారన్నదానికి. స్విచ్ 2 స్టిక్కుల్లో అరిగిపోని అయస్కాంతం రకం సెన్సర్, అదే హాల్ ఎఫెక్ట్ అంటారు, అది పెట్టలేదు, పాత పద్ధతిలో ఒకదాన్నొకటి రాసుకునే భాగాలే ఉన్నాయి, మెషిన్లు విప్పి రిపేరుకి మార్కులిచ్చే ఐఫిక్సిట్ వాళ్లు విప్పి చూసి అదే చెప్పారు, బ్యాటరీ కూడా గట్టి జిగురుతో అంటించేశారని రిపేరు స్కోరు పదికి మూడిచ్చారు. అలాగని స్టిక్కు పోయే తీరుతుందని కాదు, పోయే అవకాశం ఇంకా మిగిలే ఉందని. వైజాగ్ వెళ్లినా అఫీషియల్ సర్వీస్ దొరకని మెషిన్‌కి ఆ మూడు మార్కులు చాలా ముఖ్యం అని నా లెక్క, గ్రాఫిక్స్ కంటే ముఖ్యం.

దీనికి రివర్సు కూడా ఉంది, మొదటి వారం తిట్లు కొన్ని ఆర్నెల్లకి పాచిపోతాయి. పీఎస్5 2020 నవంబర్లో వచ్చినప్పుడు 825 జీబీ డ్రైవ్‌లో గేములకి మిగిలింది 667 జీబీ, లోపల అదనపు ఎస్ఎస్‌డీ, అంటే ఇంకో స్టోరేజీ డ్రైవ్, పెట్టుకునే స్లాట్ ఉంది గానీ పనిచెయ్యదు, జనం తిట్టారు, 2021 సెప్టెంబర్లో అప్‌డేట్‌తో పనిచేసింది. వీఆర్ఆర్ 2022 ఏప్రిల్లో వచ్చింది. మన దేశంలో పీఎస్5 అమ్మకాలు మొదలైందే 2021 ఫిబ్రవరి 2న, డిస్క్ మోడల్ 49,990 రూపాయలకి, ఇక్కడ మొదట కొన్నోళ్లకి ఆ ఎస్ఎస్‌డీ తిట్టు ఎనిమిది నెలల్లోపే పాతబడింది. స్విచ్ 2కి కూడా బ్యాటరీ శాతం తప్పుగా చూపిస్తోందని మొదట్లో కంప్లైంట్లు వచ్చాయి, అది బ్యాటరీలో లోపం అనుకుని గాబరా పడినోళ్లున్నారు, రికవరీ మోడ్‌లోకి వెళ్లి సరిచేసుకునే పద్ధతి నింటెండోనే చెప్పింది. అదే బ్యాటరీ తక్కువసేపు వస్తోంది అన్న మాట మాత్రం పాతబడదు, ఎందుకంటే కంపెనీ చెప్పిందే 2 నుంచి 6.5 గంటలు, బరువైన గేమ్ అయితే రెండు గంటలే అని లెక్కేసుకోండి. తేడా చూశారా, సాఫ్ట్‌వేర్‌తో పోయే జబ్బు వేరు, పుట్టుకతో వచ్చిన గుణం వేరు.

ఇక నెట్. స్విచ్ 2లో గేమ్ కీ కార్డు అని కొత్త వింత తెచ్చారు, బయటికి మామూలు గేమ్ కార్డులాగే ఉంటుంది, లోపల గేమ్ ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోవడానికి తాళంచెవి మాత్రం ఉంటుంది, డౌన్‌లోడ్ అయ్యాక కూడా ఆడాలంటే ఆ కార్డు పెట్టాల్సిందే. అన్ని గేములూ అలా లేవు, సైబర్‌పంక్ 2077 లాంటి పెద్ద గేమ్ 64 జీబీ కార్డులో మొత్తం ఇచ్చారు, కాబట్టి కొనేముందు అట్ట మీద చూసుకోవాలి. అమెరికాలో పెద్ద ఫైబర్ ఉన్నోడు టీ తాగి వచ్చేసరికి దిగిపోయింది అంటాడు. మన ఇంట్లో 40 ఎంబీపీఎస్ ప్లాన్ అనుకోండి, అది సెకనుకి 5 ఎంబీ, 50 జీబీ గేమ్ దిగడానికి ఏ అడ్డూ లేకపోతే రెండు ముప్పావు గంటలు, ఇంట్లో ఇద్దరు ఫోన్లో వీడియోలు చూస్తుంటే ఇంక ఆ రాత్రికి పడుకోవడమే. లోపల ఉన్న స్టోరేజీ 256 జీబీ, ఇలాంటివి నాలుగైదు పడితే నిండిపోతుంది. సెటప్ ఈజీ అన్న మాట వెనక ఎంత నెట్ ఉందో అడగండి.

ఎండ సంగతి ఏ విదేశీ రివ్యూలోనూ ఉండదు. సోనీ అయినా నింటెండో అయినా మెషిన్ ఆడించడానికి చెప్పే ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు. కన్సోళ్లు ఎక్కువగా నవంబర్లో దిగుతాయి, అమెరికాలో చలి, వాడి గదిలో ఇరవై చిల్లర డిగ్రీలు, ఫ్యాను చప్పుడే వినపడట్లేదు అంటాడు. మనకి మే నెలలో మధ్యాహ్నం రేకుల షెడ్డులో కాదు, స్లాబు ఇంట్లోనే 35 దాటుతుంది, ఉక్కపోత అదనం, ఆ గదిలో టీవీ కింద చెక్క అరలోకి తోసి పెడితే ఏ మెషినైనా అరుస్తుంది. అరలోంచి తీసి నాలుగు పక్కలా గాలి ఆడేలా పెడితే చాలావరకు సర్దుకుంటుంది. సముద్రం దగ్గరున్న భావనపాడు, కళింగపట్నం వైపు వాళ్లకి ఉప్పుగాలితో పోర్టులు తుప్పు పట్టే బాధ కూడా ఉంటుంది, టీవీల వెనక చూసే ఉంటారు.

కరెంటు విషయంలో మాత్రం స్విచ్ 2 మనకి కలిసొచ్చే మెషిన్, ఇది కూడా అక్కడోళ్లెవరూ చెప్పరు, వాళ్లకి ఆ అవసరం లేదు. పీఎస్5 ఆడుతుండగా కరెంటు పోతే అంతే, ఇన్వర్టర్ మీద నడిపిద్దామంటే 200 వాట్లకి తోడు టీవీ, ఫ్యాన్లు. స్విచ్ 2 లోపల బ్యాటరీ ఉంది కాబట్టి కరెంటు పోయినా గేమ్ ఎక్కడిదక్కడే ఉంటుంది, డాక్ లోంచి పైకి తీసి చేతిలో ఆడుకోవడమే. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను ఉద్దానం మీద పడ్డాక రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్న ఊళ్లకి ఇది చిన్న విషయం కాదు, అప్పుడు కన్సోల్ ఎవరికి కావాలి అంటారా, పిల్లలున్న ఇంట్లో అడగండి. అడాప్టర్ మీద 100-240 అని ఉంటుంది కాబట్టి అమెరికా పీసు ఇక్కడ కాలిపోతుందన్న భయం అక్కర్లేదు, పిన్నులు మన సాకెట్‌లో పట్టకపోతే మంచి కన్వర్టర్ పెట్టుకోవాలి, వదులుగా ఊగే ముప్పై రూపాయల పిన్ను పెట్టొద్దు. డాక్‌లో టీవీకి పెట్టాలంటే దాంతో వచ్చిన అడాప్టరే వాడాలి, ఫోన్ ఛార్జరు పెట్టి టీవీలో రావట్లేదు, డాక్ పోయింది అన్న కంప్లైంట్ నమ్మకండి.

బయటి దేశం నుంచి తెప్పించుకునేటప్పుడు ఒకటి. జపాన్లో స్విచ్ 2 రిలీజప్పుడు రెండు రకాలు అమ్మారు, జపనీస్ భాష ఒక్కటే ఉండేది 49,980 యెన్లు, అన్ని భాషలదీ 69,980 యెన్లు. చౌకగా వచ్చిందని మొదటిది తెచ్చుకుంటే మెనూ ఇంగ్లీషులోకి మారదు, జపాన్ రీజియన్ అకౌంట్ తప్ప ఇంకోటి ఎక్కదు. జపాన్ నుంచి చవగ్గా కొన్నా అన్నోడి రేటు విని ఆశపడేముందు ఏ రకమో అడగండి. నింటెండో ఆన్‌లైన్ స్టోర్‌కి ఇండియా రీజియన్ లేదు కాబట్టి వేరే దేశం పేరుతో అకౌంట్ పెట్టుకుని, ఆ దేశం గిఫ్ట్ కార్డులతో కొనుక్కోవాలి, గేముల రేట్లు కూడా ఆ దేశానివే, మారియో కార్ట్ వరల్డ్ అమెరికాలో 80 డాలర్లు, అంటే దాదాపు ఏడు వేలు, ఒక్క గేమ్‌కి.

సెకండ్ హ్యాండ్ అయితే ఇంకో గండం. పైరసీ కార్డులు వాడిన స్విచ్ 2 మెషిన్లని నింటెండో ఆన్‌లైన్ నుంచి బ్యాన్ చేస్తోంది, ఆ బ్యాన్ మెషిన్ మీద పడుతుంది గానీ మనిషి మీద కాదు, కాబట్టి అమ్మినోడు చేసిన పనికి కొన్నోడు ఇరుక్కుంటాడు. డబ్బా కొత్తగా మెరుస్తుంటుంది, గీతలుండవు, కార్డు పెడితే గేమ్ కూడా నడుస్తుంది, ఇంటికొచ్చి నెట్‌కి కలిపితే గానీ బయటపడదు. రేటు మరీ తక్కువ చెప్పి "ఫుల్ కండిషన్ అన్నా, ఒక నెల కూడా వాడలేదు" అన్నోడి దగ్గరికి వెళ్తే డబ్బులు ఇచ్చేముందు మీ ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, మెషిన్ దానికి కలిపి, మీ అకౌంట్‌తో ఆన్‌లైన్ స్టోర్ వాళ్ల ఎదురుగానే ఓపెన్ చేసి చూడండి. ఓపెన్ కాకపోతే అక్కడే వదిలేసి వచ్చేయండి, ఎంత తగ్గించినా సరే.